ఆకాశం ఫోటోకు ఏ టెలిస్కోపు కొనాలి? చందా వేసే ముందు నాలుగు మాటలు

పోయిన డిసెంబరులో ఊరికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం మన నంగునూరు హాస్టల్‌కు వెళ్లాను. స్టడీ అవర్ అయిపోయి తమ్ముళ్లు భోజనానికి వరుసలో నిలబడ్డారు. తొమ్మిదో తరగతి చదివే ఒకతను నా దగ్గరికి వచ్చి నోటుబుక్కు చూపించాడు. అట్ట మీద పేపర్లో నుంచి కత్తిరించి అతికించిన ఫోటో ఉంది. ఎర్రగా, మధ్యలో తెల్లగా, రెక్కలు విప్పిన పక్షిలాగా ఉన్న ఓరియన్ నీహారిక. "అన్నా, గిసొంటి ఫోటో మనం తియ్యొచ్చా?" అని అడిగాడు. తియ్యొచ్చు అన్నాను. "దేంతోని తియ్యాలె?" అన్నాడు. దానికి భోజనాల వరుసలో నిలబడి జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే.

జవాబు ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం ఉంది. పాత విద్యార్థులం తలా ఇంత వేసుకుని హాస్టల్‌కు ఒక టెలిస్కోపు ఇద్దామని అనుకుంటున్న సంగతి మీకు తెలుసు. ఆ మాట వచ్చినప్పటి నుంచి సలహాలే సలహాలు. ఎంత పెద్దదైతే అంత మంచిది అని ఒకరు, ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తదో అడుగు అని ఇంకొకరు. ఈ చందాలో టీచరు డబ్బు ఉంటుంది, ఆటో నడుపుకునే వాడి డబ్బూ ఉంటుంది. తప్పు వస్తువు కొంటే రెండోసారి ఎవరినీ అడగలేం.

తప్పు వస్తువు కొనడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తలో నగరంలో ఒక దుకాణంలో ఎనిమిది వేలకు పైగా పెట్టి టెలిస్కోపు కొన్నాను. డబ్బా మీద 675 రెట్లు అని పెద్ద అక్షరాలు, పక్కన రంగురంగుల నీహారికల బొమ్మలు. బస్సులో ఒళ్లో పెట్టుకుని ఊరికి తెచ్చాను. వాకిట్లో బిగించి చంద్రుడిని చూపిస్తే ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ తర్వాత ఓరియన్ నీహారిక వైపు తిప్పాను. ముట్టుకుంటే స్టాండు వణుకుతుంది. గాలి వీస్తే వణుకుతుంది. పెద్దగా చూపించే ఐపీస్ పెడితే నీహారిక ఇంకా మసకబారి మాయమైపోయింది. ఫోన్ పెట్టి ఫోటో తీస్తే ఒక తెల్లటి గీత వచ్చింది. ఆ టెలిస్కోపు ఇప్పుడు మా ఇంటి అటక మీద ఉంది. తప్పు అమ్మినవాడిది ఎంతో, ఏమీ చదవకుండా కొన్న నాదీ అంతే.

నేను చేసిన అసలు పొరపాటు ఏమిటంటే, నీహారికలు, గెలాక్సీలు చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి చాలా చిన్నగా ఉంటాయి, వాటిని పెద్దగా చేసి చూడాలి అనుకోవడం. చాలామంది ఇలాగే అనుకుంటారు. లెక్క చూడండి. ఆకాశంలో పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ మన ఆకాశంలో ఆక్రమించే పొడవు దాదాపు మూడు డిగ్రీలు. అంటే ఆరుగురు చంద్రులను పక్కపక్కన పేర్చినంత! ఓరియన్ నీహారిక ఇద్దరు చంద్రులంత. మా అవ్వ పిల్లల కోడి అని పిలిచే కృత్తికల గుంపు నలుగురు చంద్రులంత. ఇవి చిన్నవి కావు. మసకవి. వాటి నుంచి వచ్చే వెలుగు మన కంటికి చాలనంత పలుచన. కాబట్టి మనకు కావలసింది ఆవర్ధనం కాదు. వెలుగును పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని నిమిషాల తరబడి పోగు చేయడం. కన్ను ఆ పని చేయలేదు. కెమెరా చేస్తుంది. బోరు నీళ్లు సన్నగా వస్తుంటే బిందె కదలకుండా చాలాసేపు పెడతాం చూడండి, అదే పద్ధతి.

కదలకుండా అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. బిందె మనం కదిలించకపోయినా భూమి కదిలిస్తుంది. భూమి తిరగడం వల్ల నక్షత్రాలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని ఆర్క్ సెకండు అంటారు. ఆ లెక్కన సెకండుకు 15 ఆర్క్ సెకండ్లు. 400 మి.మీ. నాభ్యంతరం ఉన్న టెలిస్కోపుకు మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా తగిలిస్తే, సెన్సారులోని ఒక్కో పిక్సెల్ ఆకాశంలో సుమారు 2 ఆర్క్ సెకండ్లను చూస్తుంది. అంటే ఒక్క సెకండులోనే నక్షత్రం ఏడు పిక్సెళ్లు జరిగిపోతుంది. చుక్క కాస్తా గీత అవుతుంది. నాకు వచ్చిన తెల్లటి గీత ఇదే. నాభ్యంతరం పెరిగేకొద్దీ ఈ కష్టం అదే లెక్కన పెరుగుతుంది. 2,000 మి.మీ. టెలిస్కోపు అయితే సెకండుకు 35 పిక్సెళ్లు.

అందుకే ఆకాశం ఫోటోలు తీసేవాళ్లు ముందు టెలిస్కోపు సంగతి మాట్లాడరు. దాన్ని మోసి, ఆకాశంతో పాటు తిప్పే మౌంట్ సంగతి మాట్లాడతారు. మనం స్టాండు అని తేలిగ్గా తీసేసేది అదే.

ఈ విషయం కొత్తదేం కాదు. మన హైదరాబాద్‌లోనే వందేళ్ల కిందట రుజువైంది. నవాబు జఫర్ జంగ్ అనే ధనికుడు 1901లో తన సొంత ఖర్చుతో నిజామియా అబ్జర్వేటరీని పెట్టాడు. ఇంగ్లండు నుంచి రెండు టెలిస్కోపులు తెప్పించాడు. ఒకటి గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాలది. రెండోది కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్, అంటే ఫోటోలు తీయడానికే చేసిన దూరదర్శిని. 1907లో ఆయన చనిపోయాక అబ్జర్వేటరీని నిజాం ప్రభుత్వం తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. అప్పటికి ప్రపంచంలో పెద్ద పని ఒకటి నడుస్తోంది. ఆకాశం మొత్తాన్ని ఫోటో ప్లేట్ల మీదికి ఎక్కించి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో శాస్త్రవేత్తలు తీర్మానించారు. ఒక్కో అబ్జర్వేటరీకి ఆకాశంలో ఒక్కో పట్టీ పంచారు. హైదరాబాద్‌కు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వచ్చింది. 1914 నుంచి 1929 వరకు ఆ ఫోటోలు తీశారు. ఆ తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా పూర్తి చేశారు. లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఆర్థర్ చాట్‌వుడ్, ఆయన తర్వాత పోకాక్, ఆ తర్వాత మన దేశస్థుడు టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు.

ఇక్కడ గమనించండి. ఈ పని చేసింది 15 అంగుళాల పెద్ద టెలిస్కోపు కాదు, 8 అంగుళాల చిన్నది. పెద్దదాన్ని 1922లో గానీ బిగించలేదు. దానితో జంట నక్షత్రాలను, వెలుగు మారే నక్షత్రాలను కంటితో గమనించేవారు. ఎక్కువ ఆకాశాన్ని ఒకేసారి పట్టుకుని, గడియారపు యంత్రంతో నక్షత్రాల వెంట మెల్లగా తిరిగే చిన్న దూరదర్శినే ఫోటోలకు పనికొచ్చింది. పక్కన ఒక మనిషి గైడ్ టెలిస్కోపులో కన్ను పెట్టి, ఒక నక్షత్రం తీగల గుర్తు మీద నుంచి జరగకుండా చూసుకునేవాడు. చలికాలం రాత్రి ఆ ఉద్యోగం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు మనలి కల్లట్ వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లాడు. 1949లో తాను తీసిన ఫోటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. దానికి బప్పు, బాక్, న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. కావలూరులో ఉన్న 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే టెలిస్కోపు అందుబాటులో ఉండడం ఎంత పని చేసిందో చూడండి. మనం చందా వేసుకుంటున్నది కూడా అందుకే కదా.

ఇంకొకాయన గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఎడ్వర్డ్ బార్నార్డ్ అమెరికాలోని నాష్‌విల్‌లో 1857లో పుట్టాడు. పుట్టకముందే తండ్రి పోయాడు. కడు పేదరికం. బడికి పోయింది రెండు నెలలు మాత్రమే. తొమ్మిదేళ్లకే ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు. అప్పట్లో ఫోటోలు పెద్దవి చేసే యంత్రానికి ఎండే దీపం. సూర్యుడు జరుగుతుంటే యంత్రాన్ని కూడా చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ సూర్యుడి వైపే ఉంచాలి. పిల్లవాడి పని అదే, రోజంతా. పెద్దయ్యాక తన ఏడాది సంపాదనలో చాలా భాగం పెట్టి 5 అంగుళాల టెలిస్కోపు కొనుక్కున్నాడు. తోకచుక్కలు కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. చివరికి కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ 36 అంగుళాల మహా టెలిస్కోపు ఉంది. దానితో ఆయన 1892లో గురుగ్రహపు ఐదో ఉపగ్రహాన్ని కనిపెట్టాడు. కానీ పాలపుంతను ఫోటో తీయడానికి ఆయన వాడింది ఆ మహా టెలిస్కోపును కాదు. మనుషుల ఫోటోలు తీయడానికి స్టూడియోలో వాడిన 6 అంగుళాల పాత కటకాన్ని. దాన్ని ఒక చిన్న టెలిస్కోపు మౌంట్‌కు కట్టి, గంటల తరబడి చేత్తో సరిచేస్తూ తీశాడు. పాలపుంతలోని నల్లటి మేఘాలు లోకానికి తెలిసింది ఆ ఫోటోల వల్లే. చిన్నప్పుడు సూర్యుడి వెంట తిప్పిన చెయ్యి పెద్దయ్యాక నక్షత్రాల వెంట తిప్పింది.

ఇప్పుడు దుకాణం సంగతికి వద్దాం. పదో తరగతి కాంతి పాఠం చదివిన వాళ్లకు ఇది కష్టం కాదు. టెలిస్కోపు గురించి రెండు సంఖ్యలు అడగాలి. ఒకటి కటకం లేదా దర్పణం వ్యాసం, రెండోది నాభ్యంతరం. 70 మి.మీ. వ్యాసం ఉన్న కటకం, చీకట్లో 7 మి.మీ. తెరుచుకునే మన కంటిపాప కంటే 100 రెట్లు వెలుగు పట్టుకుంటుంది. నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. 400 మి.మీ.ను 80తో భాగిస్తే ఎఫ్/5. నీహారికల ఫోటోలకు ఈ సంఖ్య చిన్నగా ఉండాలి. ఎఫ్/5తో ఒక నిమిషంలో వచ్చే ఫోటోకు ఎఫ్/10తో నాలుగు నిమిషాలు పడుతుంది. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది అన్న ప్రశ్న ఫోటోలకు అసలు అక్కర్లేదు, ఎందుకంటే ఐపీస్ తీసేసి ఆ స్థానంలో కెమెరానే బిగిస్తాం. డబ్బా మీద ఆ అంకెను పెద్దగా అచ్చు వేసిన టెలిస్కోపును అక్కడే వదిలేసి రండి.

నాభ్యంతరం వల్ల ఫోటోలో ఎంత ఆకాశం పడుతుందో తెలుస్తుంది. మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సారు వెడల్పు సుమారు 22 మి.మీ. దాన్ని నాభ్యంతరంతో భాగించి 57.3తో గుణించండి, డిగ్రీలు వస్తాయి. 400 మి.మీ.తో మూడు డిగ్రీలకు పైగా, ఆండ్రోమెడా మొత్తం పడుతుంది. 1,000 మి.మీ.తో డిగ్రీ పావు. 2,000 మి.మీ.తో ముప్పావు డిగ్రీ కూడా కాదు, అంటే చంద్రుడు పట్టి కాస్త చోటు మిగులుతుంది. పొడవాటి నాభ్యంతరం గ్రహాలకు, చంద్రుడి గోతులకు మంచిది. మొదలుపెట్టేవాడు నీహారికలకు దాన్ని వాడితే ఏడుపే.

రకాల విషయానికి వస్తే, కటకాలతో పనిచేసే వక్రీభవన దూరదర్శినుల్లో చవకవాటికి ఒక జబ్బు ఉంటుంది. కాంతి విక్షేపణం వల్ల రంగులన్నీ ఒకే చోట కేంద్రీకరించవు. ఫోటోలో ప్రతి పెద్ద నక్షత్రం చుట్టూ నీలిరంగు మచ్చ వస్తుంది. కంటితో చూసినప్పుడు అంతగా తెలియదు గానీ కెమెరా దాచదు. ఈ జబ్బును చాలావరకు తగ్గించే ప్రత్యేక గాజుతో చేసిన వాటిని ఈడీ రిఫ్రాక్టర్లు అంటారు. 60 నుంచి 72 మి.మీ. వ్యాసం, 350 నుంచి 430 మి.మీ. నాభ్యంతరం ఉన్న ఈడీ గొట్టం రెండు కిలోల బరువు ఉంటుంది. కుదుపుకు చెదరదు, బస్సులో తేవచ్చు, ప్రతిసారి సరిచేసుకోనక్కర్లేదు. అంచుల్లో నక్షత్రాలు సాగకుండా ఫ్లాటెనర్ అనే చిన్న కటకం విడిగా కొనాలి. ఫోటోలు నేర్చుకోవడానికి ఇదే నా ఓటు.

పుటాకార దర్పణంతో చేసిన న్యూటన్ పరావర్తన దూరదర్శిని అదే డబ్బుకు రెట్టింపు వ్యాసం ఇస్తుంది. రంగుల జబ్బు ఉండదు. 130 మి.మీ. వ్యాసం, 650 మి.మీ. నాభ్యంతరం ఉన్నవి మంచి పేరున్నవే. కానీ బరువు, గాలికి తెరచాపలా ఊగుతుంది, దర్పణాలను తరచూ సరిచేయాలి. ఇంకో మెలిక ఉంది. కంటితో చూడడానికే చేసిన చాలా న్యూటన్ టెలిస్కోపులకు డీఎస్ఎల్ఆర్ తగిలిస్తే ఫోకస్ రాదు, ఎందుకంటే ప్రతిబింబం కెమెరా లోపలి దాకా చేరదు. ఫోటోల కోసమే చేసినదా అని అడిగి కొనాలి. ఇంకొకటి, గొట్టం పొడవు అర మీటరే ఉండి, నాభ్యంతరం 1,000 మి.మీ. అని రాసి ఉంటే లోపల ఒక చవక కటకం దూర్చి నాభ్యంతరం పెంచారని అర్థం. మన పనికి అది వద్దు.

ఇక మౌంట్. మన చందాలో పది రూపాయలు ఉంటే ఐదు మౌంట్‌కు పెట్టండి, మూడు గొట్టానికి, మిగతా రెండు తీగలకు, బ్యాటరీకి, ఫ్లాటెనర్‌కు. దుకాణంవాడు దీన్ని తలకిందులుగా చెప్తాడు. ఫోటోలకు కావలసింది ఈక్వటోరియల్ మౌంట్. దాని ఒక అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఒక్క మోటారు తిరిగితే చాలు, నక్షత్రం కదలదు. మౌంట్ ఎంత బరువు మోయగలదని కంపెనీ చెప్తుందో అందులో సగానికి కొంచెం అటూ ఇటూ మాత్రమే ఎక్కించాలి. గొట్టం, కెమెరా కలిపి మూడు కిలోలైతే ఐదారు కిలోలు మోసేది కావాలి. పైకి కిందికి, కుడికి ఎడమకు మాత్రమే తిరిగే సాదా స్టాండు, మోటారు ఉన్నా సరే, ఎక్కువసేపు తీసే ఫోటోలో ఆకాశాన్ని చక్రంలా తిప్పేస్తుంది.

ఆ అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. ఇక్కడ మన ఊరి లెక్క ఒకటుంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి సమానం. నంగునూరు అక్షాంశం సుమారు 18 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి పెడితే 10 డిగ్రీలు అనుకుంటే, ఉత్తరాన రెండు పిడికిళ్ల కంటే కొంచెం తక్కువ ఎత్తులోనే ధ్రువుడు ఉంటాడు. ఐరోపా, అమెరికా వాళ్ల పుస్తకాల్లో రాసినంత ఎత్తున మనకు కనిపించడు. చెట్టు అడ్డం వస్తే చాలు, పని ఆగిపోతుంది. కాబట్టి స్థలం ఎంచుకునేటప్పుడు ఉత్తరం వైపు ఖాళీగా ఉన్న మేడనో, పొలం గట్టునో చూసుకోవాలి. సిద్దిపేట వైపు ఆకాశం దీపాలతో తెల్లబడింది గానీ నర్మెట, గట్లమల్యాల వైపు పొలాల్లోకి వెళ్తే ఇంకా మంచి చీకటి దొరుకుతుంది. మన తక్కువ అక్షాంశం వల్ల లాభం కూడా ఉంది. ఒమేగా సెంటారీ అనే బ్రహ్మాండమైన నక్షత్ర గుచ్ఛం ఐరోపాలో చాలామందికి దిగంతం పైకే రాదు. మనకు వేసవి రాత్రుల్లో దక్షిణాన 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

ఇవన్నీ చదివి అంత డబ్బు మనకెక్కడిది అనుకుంటున్నారా? చందా పూర్తయ్యేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. రెండు చెక్క పలకలు, ఒక మడతబందు, ఒక బోల్టుతో మౌంట్ చేసుకోవచ్చు. 1975లో జార్జ్ హేగ్ అనే ఆయన దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తలుపులా తెరుచుకుంటుంది కాబట్టి బార్న్ డోర్ ట్రాకర్ అంటారు. ఐటీఐ చదివే అన్నలు ఒక పూటలో చేసేస్తారు.

లెక్క ఇలా. నక్షత్రాలతో పోల్చితే భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు, అంటే 1,436 నిమిషాలు. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే ఎం6 బోల్టును ఒక చుట్టు తిప్పితే 1 మి.మీ. ముందుకు పోతుంది. నిమిషానికి ఒక చుట్టు తిప్పామనుకోండి. 1,436 నిమిషాలకు 1,436 మి.మీ. పోవాలి. అంత చుట్టుకొలత ఉన్న వృత్తం వ్యాసార్ధం ఎంత? 1,436ను 6.283తో భాగించండి. 228.5 మి.మీ. కాబట్టి మడతబందు ఇరుసు నుంచి బోల్టు రంధ్రం సరిగ్గా 228.5 మి.మీ. దూరంలో ఉండాలి. ఉత్తరానికి ముఖం పెట్టి నిలబడితే మడతబందు మీ ఎడమ చేతి వైపు రావాలి, దాని ఇరుసు ధ్రువ నక్షత్రాన్ని చూడాలి. పై పలక మీద కెమెరా. బోల్టు తలకు గడియారం ముఖంలా గుండ్రటి అట్ట అతికించి, చేతి గడియారం సెకండ్ల ముల్లుతో పాటు ఆగకుండా, మెల్లగా తిప్పాలి. బార్నార్డ్ చేసిన పనే ఇది. 18 నుంచి 50 మి.మీ. లెన్సుతో ఒక నిమిషం ఫోటోలు బాగా వస్తాయి. పాలపుంత వస్తుంది, ఆండ్రోమెడా చిన్న కోడిగుడ్డు ఆకారంలో తెలుస్తుంది. కెమెరా అంటారా, పాత విద్యార్థుల్లో పెళ్లిళ్ల ఫోటోలు తీసేవాళ్లు ఇద్దరున్నారు. కొత్త కెమెరా కొన్నాక మూలన పడేసిన పాత డీఎస్ఎల్ఆర్ ఇమ్మని అడుగుదాం. దానికి 135 మి.మీ. ఎఫ్/2 లెన్సు దొరికిందా, అది 67 మి.మీ. వ్యాసం ఉన్న టెలిస్కోపుతో సమానమే.

ఫోటో ఒక్కటి తీసి చూస్తే నిరాశ పడతారు. గరుకుగా, మచ్చలుగా ఉంటుంది. ఒకే దృశ్యాన్ని వంద ఫోటోలు తీసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ గరుకుదనం పదో వంతుకు తగ్గుతుంది, ఎందుకంటే అది ఫోటోల సంఖ్య వర్గమూలం లెక్కన తగ్గుతుంది. వర్గమూలాలు దేనికి సార్ అని లెక్కల సారును అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. డీప్‌స్కై స్టాకర్, సిరిల్ అనే ప్రోగ్రాములు ఈ పని ఉచితంగా చేస్తాయి. ఏ రోజు ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో స్టెల్లేరియం చూపిస్తుంది, అదీ ఉచితమే. ఫోకస్ సరిగ్గా కుదరడానికి 2005లో పావెల్ బహ్తినోవ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. టెలిస్కోపు మూతికి ఏటవాలు చీలికలు కోసిన అట్టను తగిలిస్తే పెద్ద నక్షత్రం చుట్టూ మూడు గీతలు కనిపిస్తాయి. నడిమి గీత సరిగ్గా మధ్యకు వస్తే ఫోకస్ కుదిరినట్టు. ఆ అట్టను పాత పరీక్ష ప్యాడ్‌తో కోసుకోవచ్చు.

ఈమధ్య వచ్చిన స్మార్ట్ టెలిస్కోపుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటివి కెమెరా, మోటారు, కంప్యూటరు అన్నీ లోపలే పెట్టుకుని వస్తాయి. 50 మి.మీ. కటకం, 250 మి.మీ. నాభ్యంతరం. ఫోన్‌లో నీహారిక పేరు నొక్కితే అదే వెతికి, పది పది సెకండ్ల ఫోటోలు తీసి, అదే పేర్చి చూపిస్తుంది. 2023లో అమెరికాలో ధర సుమారు 500 డాలర్లు ఉండేది, మన దాకా వచ్చేసరికి పన్నులతో ఇంకా పెరుగుతుంది. అయినా ఈడీ గొట్టం, మౌంట్, కెమెరా విడివిడిగా కొన్నదానికంటే తక్కువే. నేను మొదట్లో వీటిని చిన్నచూపు చూశాను. ఇప్పుడు అలా అనను. ఎనభై మంది పిల్లలు ఒకేసారి తెర మీద నీహారిక మెల్లగా తేలడం చూడగలగడం చిన్న విషయం కాదు. కానీ చెడిపోతే మనం విప్పలేం, పెద్ద లెన్సు మార్చలేం, లోపల ఏం జరిగిందో పిల్లవాడికి తెలియదు.

కాబట్టి ఆలోచించి చెప్పండి. నా లెక్క ఇది. చందా తక్కువగా పోగైతే స్మార్ట్ టెలిస్కోపు ఒకటి, దాంతో పాటు పలకల మౌంట్. బాగా పోగైతే మంచి ఈక్వటోరియల్ మౌంట్, దాని మీద మొదట పాత కెమెరా, లెన్సు. ఈడీ గొట్టం వచ్చే ఏడాది కొందాం. మౌంట్ లేకుండా పెద్ద గొట్టం కొనే ఆలోచనకు మాత్రం నా డబ్బులు ఇవ్వను. నలుగురూ కంటితో చూడడానికే టెలిస్కోపు కావాలంటే అది వేరే లెక్క. దానికి 150 మి.మీ. లేదా 200 మి.మీ. డాబ్సోనియన్ చాలా మంచిది, మోటారు లేకపోయినా పరవాలేదు. కానీ దాంతో నోటుబుక్కు అట్ట మీది ఫోటో రాదు. రెండు పనులూ ఒకదాంతో అవుతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఏది కొన్నా సరే, పగలు సూర్యుడి వైపు తిప్పనివ్వద్దు. సరైన ఫిల్టరు లేకుండా చూస్తే కన్ను పోతుంది. పగలు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయమని వార్డెన్ సారుకు చెప్పాలి.

ఏ నెలలో ఏది తీయాలో రాసిస్తున్నాను. నవంబరులో పొద్దుపోగానే ఆండ్రోమెడా. డిసెంబరు, జనవరిలో కృత్తికలు నడినెత్తికి వస్తాయి, ఆ వెనకే ఓరియన్ నీహారిక. ఫిబ్రవరిలో సిరియస్ నక్షత్రానికి నాలుగు డిగ్రీల కింద ఎం41 గుచ్ఛం, నిజామియా వాళ్లు ప్లేట్ల మీద కొలిచిన దక్షిణ పట్టీలోనిదే అది. ఏప్రిల్, మేలో ఒమేగా సెంటారీ. జూన్ నుంచి మబ్బులు కాబట్టి తీసిన ఫోటోలు కంప్యూటర్లో పేర్చుకునే కాలం. చలికాలం అర్ధరాత్రి దాటాక కటకం మీద మంచు పడుతుంది, మెత్తటి గుడ్డతో కూడా తుడవద్దు, ఆరనివ్వండి.

మడతబందు, ఎం6 బోల్టు, నట్లు నేను తెస్తాను. అడుగు పొడవు, అరడుగు వెడల్పు ఉన్న పలకలు రెండు మీరు చూసి పెట్టండి, వంకర లేనివి. నోటుబుక్కు తమ్ముడు సెకండ్ల ముల్లు ఉన్న గడియారం సంపాదించాలి. వార్షికోత్సవం తర్వాత వచ్చే మొదటి అమావాస్యకు మేడ మీద కలుద్దాం, స్వెట్టర్లు వేసుకుని రండి.